తాళం వేసిన ఇంటికి కాపలా గంట
గృహ అలారం అమరిక, నిర్వహణ, లోపాల సవరణ

సంక్రాంతి దగ్గరపడగానే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు దారి పడతాయి. ఉగాదికీ, వేసవి సెలవులకూ, ఊళ్లో జరిగే పెళ్లికీ ఇదే వరుస. ఇల్లు నాలుగు రోజులో, పది రోజులో తాళంతో మిగులుతుంది. గుమ్మం ముందు ముగ్గు లేకపోవడం, పాల సంచి తలుపుకు ఖాళీగా వేలాడటం, రాత్రివేళ వసారాలో దీపం వెలగకపోవడం చూసిన వారెవరికైనా లోపల మనుషులు లేరన్న సంగతి తెలిసిపోతుంది. ఆ భయంతోనే విడి ఇళ్లలోను, అపార్ట్‌మెంట్లలోను చాలామంది దొంగతన నిరోధక అలారాలు పెట్టించుకుంటున్నారు.

పెట్టించుకున్న రోజున ఉండే శ్రద్ధ ఏడాది తిరిగేసరికి ఉండదు. తీరా అవసరమైన రాత్రి బ్యాటరీ నిర్జీవంగా ఉంటుంది. లేదా అందులోని సిమ్‌కు రీఛార్జి గడువు తీరి ఉంటుంది. అదీ కాకపోతే అర్ధరాత్రి రెండుసార్లు అకారణంగా అరిచిందన్న విసుగుతో ఇంటివారే దాన్ని ఆపి ఉంటారు. ఈ మూడవ కారణమే అన్నింటికంటే ప్రమాదకరమైనది. దానిని గురించి ఈ పాఠంలో కొంత విస్తారంగా చెప్పవలసి ఉంది.

అలారం చేసే పని ఏమిటి?

అలారం దొంగను పట్టుకోదు, తలుపును మూయదు. అది కేవలం కేక వేస్తుంది. ఆ కేక విని ఎవరో ఒకరు కదలాలి. తలుపు గట్టిదైతే, గడియ లోతుగా దిగేదైతే, దాన్ని విరగగొట్టడానికి పట్టే కొద్ది నిమిషాలలోనే పొరుగువారు లేచి దీపాలు వేయగలుగుతారు. తలుపు బలహీనమైతే అలారం మోగేసరికి పని సగం ముగిసి ఉంటుంది. అందువల్ల పాత తలుపుకు మంచి తాళం, వెనుక తలుపుకు అడ్డగడియ, వంటింటి కిటికీకి గ్రిల్ ఏర్పరచుకున్న తరువాతనే అలారం సంగతి ఆలోచించడం వివేకం. సీసీ కెమెరా ఉన్నది కదా, అలారం ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. కెమెరా ప్రధానంగా జరిగినదాన్ని నమోదు చేస్తుంది. కదలికను గుర్తించి ఫోన్‌కు సందేశం పంపగల కెమెరా అయినా నిద్రలో ఉన్న యజమానిని లేపలేకపోవచ్చు. ఒకటి సాక్షి, మరొకటి కాపలాదారు.

ఈ పరికరం కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన అగస్టస్ రసెల్ పోప్ 1853లో విద్యుదయస్కాంతంతో పనిచేసే అలారానికి పేటెంట్ పొందాడు. తలుపు తెరిస్తే విద్యుత్ వలయం కలిసి గంట మోగేది. వెంటనే తలుపు మూసినా గంట ఆగేది కాదు. ఆ హక్కులను కొన్న ఎడ్విన్ హోమ్స్ దాన్ని వ్యాపారంగా విస్తరింపజేశాడు. నేటి ప్యానెల్‌లో చిప్పులు, సిమ్‌లు వచ్చి చేరాయి గాని మూలసూత్రం మారలేదు. ఒక వలయం స్థితి మారింది, దాన్ని యంత్రం గుర్తుపెట్టుకున్నది, కేక వేసింది. మరమ్మతు చేసే వేళ ఈ సూత్రం గుర్తుంటే లోపం వెతకడం సులభమవుతుంది.

సెన్సార్ల అమరిక

ఇంటి అలారంలో సాధారణంగా ఒక కంట్రోల్ ప్యానెల్, ఒక కీప్యాడ్, తలుపులకు మాగ్నెట్ సెన్సార్లు, గదులలో కదలికను పసిగట్టే పి.ఐ.ఆర్. సెన్సార్లు, ఒకటో రెండో సైరన్లు ఉంటాయి. ప్యానెల్ ఒక్కొక్క సెన్సార్‌నో, కొన్నింటి సమూహాన్నో ఒక 'జోన్'గా లెక్కిస్తుంది. జోన్లు ఎంత విడివిడిగా ఉంటే లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడం అంత తేలిక. నాలుగు తలుపులను ఒకే జోన్‌లో కలిపి తీగ ఆదా చేసే పనివారు ఉంటారు. ఆ ఆదా తరువాతి మరమ్మతులో రెట్టింపై తిరిగి వస్తుంది.

మాగ్నెట్ సెన్సార్‌లో రెండు భాగాలు. సన్నని గాజు గొట్టంలో రెండు లోహపు రేకులున్న స్విచ్‌ను ద్వారబంధానికి, అయస్కాంతాన్ని తలుపు రెక్కకు బిగిస్తారు. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆ రేకులను కలిపి ఉంచుతుంది. తెరవగానే అవి విడిపోతాయి. సాధారణ రకంలో రెండింటి మధ్య దూరం 15 నుంచి 20 మిల్లీమీటర్లు దాటితే పట్టు తప్పుతుంది. అమర్చేటప్పుడు ఆ హద్దు వరకు పోకుండా 5 మిల్లీమీటర్ల లోపల ఉంచడం మేలు. అలాగే బందుల వైపు కాకుండా తలుపు తెరుచుకునే అంచున అమర్చాలి. బందుల పక్కన పెడితే తలుపు జానెడు తెరిచినా అయస్కాంతం అంగుళం కూడా కదలదు.

ఇనుప తలుపులు, మడత గేట్లు, గ్రిల్ తలుపులు ఉన్న ఇళ్లలో మరో చిక్కు ఉంది. ఇనుము అయస్కాంత బలాన్ని తనలోకి లాగుకుంటుంది. చెక్క తలుపుపై చక్కగా పనిచేసే సెన్సార్ ఇనుప గేటుపై రెండు రోజులకొకసారి తప్పుడు కేక వేయడానికి కారణం ఇదే. ఇనుము కోసమే తయారైన పెద్ద అయస్కాంతపు రకాన్ని అడిగి తెచ్చుకోవాలి. దాని కింద పలుచని చెక్కముక్కనో ప్లాస్టిక్ దిమ్మనో ఉంచాలి.

పి.ఐ.ఆర్. సెన్సార్ విషయంలో ఎక్కువ అపోహలున్నాయి. అది ఏ కిరణాన్నీ బయటకు పంపదు. మనిషి శరీరం నుంచి వెలువడే వేడిని, అంటే 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలను, అది స్వీకరిస్తుంది. ముందున్న తెల్లని ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర రేకుల వంటి పట్టీలుగా విభజిస్తుంది. ఒక పట్టీ నుంచి మరో పట్టీకి వేడి వస్తువు దాటినప్పుడు సెన్సార్ స్పందిస్తుంది. కనుక తనకు అడ్డంగా నడిచే మనిషిని అది వెంటనే పసిగడుతుంది. తిన్నగా తనవైపు వచ్చే వ్యక్తిని ఆలస్యంగా గుర్తిస్తుంది. గది మూలన, నేల నుంచి 2.1 నుంచి 2.4 మీటర్ల ఎత్తులో, లోపలికి వచ్చేవారు దాని చూపును అడ్డంగా దాటే విధంగా బిగించాలి. మామూలు కిటికీ గాజును ఈ కిరణాలు దాదాపుగా దాటలేవు కాబట్టి కిటికీ అవతల తచ్చాడే వ్యక్తిని ఇది చూడదు.

ఎక్కడ పెట్టకూడదో కూడా తెలియాలి. ఉదయపు ఎండ నేరుగా పడే చోట, ఏసీ గాలి తగిలే చోట, గ్యాస్ పొయ్యికి ఎదురుగా అది నిలకడగా పనిచేయదు. అఖండ దీపం వెలిగించే అలవాటున్న ఇంట పూజగదికి అభిముఖంగా ఉన్న సెన్సార్, దీపం రెపరెపలాడినప్పుడల్లా కలవరపడుతుంది. తిరిగే పంకా కింద ఊగే తెరలు, ఫ్రిజ్ వెనుక నుంచి వచ్చే వేడిగాలి ఇదే కోవలోనివి. వేసవిలో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి శరీరోష్ణతకు చేరువైనప్పుడు మనిషికీ గోడకూ మధ్య వ్యత్యాసం తగ్గి సెన్సార్ మందగిస్తుంది. బెంగళూరులో ఇది కొన్ని రేకుల కప్పు ఇళ్లకే పరిమితం కావచ్చు. బళ్లారి, రాయచూరులలో బంధువులకు ఇదే రకం సెట్ కొనిపెట్టేవారు మాత్రం ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సర్దుకునే రకాన్ని ఎంచుకోవాలి.

ఏ తలుపుకు ముందు పెట్టాలన్న ప్రశ్నకు ఇంటిని బయటి నుంచి ఒకసారి చుట్టి చూడటమే సమాధానం. వీధి తలుపును ఎవరూ మరవరు. మరిచేవి మేడ మెట్ల గది తలుపు, వంటింటి వెనుక తలుపు, పక్క ఇంటి గోడ మీదుగా అందే బాల్కనీ. ఇనుప బీరువాకు లోపలి వైపున కంపనాన్ని పసిగట్టే చిన్న సెన్సార్ బిగించుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే మంచి పని.

తీగలతోనా, తీగలు లేకుండానా?

సొంత ఇల్లు కడుతున్నవారు గోడలు పూయకముందే పైపులలో తీగ వేయించుకోవడం ఉత్తమం. 230 వోల్టుల కరెంటు తీగలు పోయే పైపులో అలారం తీగను కలపరాదు. అది భద్రతకూ ముప్పే, తప్పుడు కేకలకూ మూలమే. జోన్ చివర పెట్టే చిన్న రెసిస్టర్ గురించి కూడా యజమాని ఒక మాట అడగాలి. దాన్ని సెన్సార్ దగ్గర, తీగ చివరనే అమర్చాలి. అప్పుడే మధ్యలో ఎవరైనా తీగను తెంచినా, రెండు పోగులను కలిపినా ప్యానెల్‌కు తెలుస్తుంది. సౌకర్యం కోసం దాన్ని ప్యానెల్ పెట్టెలోనే బిగించి వెళ్లే పనివారున్నారు. అలా చేస్తే జోన్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కాపలా మాత్రం సగమే.

అద్దె ఇళ్లవారికి తీగలు లేని సెట్లే సుకరం. గోడకు రంధ్రాలు వేయనక్కరలేదు. రెండు వైపులా జిగురున్న పట్టీతో అతికించి, ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు. అతికించే ముందు సున్నపు పొడి రాలకుండా చోటును తుడిచి ఆరనివ్వాలి. సున్నం వేసిన గోడపై పట్టీ నిలవదు కనుక అటువంటి చోట యజమాని అనుమతితో రెండు చిన్న స్క్రూలు తప్పవు. చవక సెట్లు చాలావరకు 433 మెగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తాయి. గేటు రిమోట్లు, కారు రిమోట్లు కొన్ని ఇదే పౌనఃపున్యాన్ని వాడుతాయి. పైగా వీటిలో కొన్ని ఎప్పుడూ ఒకే సంకేతాన్ని పంపుతాయి. దాన్ని పట్టి అనుకరించడం కష్టం కాదు. ప్రతిసారి సంకేతం మారే రకమా కాదా అని కొనేటప్పుడు అడగాలి. సమాధానం చెప్పలేని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

ఏ రకమైనా ప్యానెల్‌ను వీధి తలుపు పక్కన కనబడేలా పెట్టరాదు. కీప్యాడ్ అక్కడ ఉండవచ్చు, ప్యానెల్ లోపలి గదిలో ఉండాలి. సైరన్లు రెండైతే మంచిది: ఒకటి ఇంట్లో, ఒకటి బయట మూడు మీటర్లకు తగ్గని ఎత్తులో. కరెంటు మెయిన్‌కు కలిపే పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి.

బ్యాటరీ, సిమ్

ప్యానెల్ పెట్టెలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల మూసివున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్, కీప్యాడ్ కలిసి 120 మిల్లీఆంపియర్లు, నాలుగు పి.ఐ.ఆర్.లు ఒక్కొక్కటి 15 చొప్పున 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే మొత్తం 180. కాగితం మీద ఆ బ్యాటరీ 38 గంటలు నిలవాలి. ఆచరణలో అందులో మూడింట రెండు వంతులే నమ్మదగినది. అంటే ఒక రోజుకు కొంచెం ఎక్కువ. మూడేళ్లు దాటిన బ్యాటరీ అందులోనూ సగం ఇస్తే గొప్ప. పది రోజులు ఊరికి వెళ్లేవారు మెయిన్ స్విచ్ ఆపి వెళ్లడం ఒక పాత అలవాటు. అలారం ఉన్న ఇంట ఆ అలవాటు మొదటి రెండు రోజులలోనే కాపలాను చంపుతుంది. మెయిన్‌ను ఉంచి, అవసరం లేని విభాగాల బ్రేకర్లను మాత్రమే దించాలి.

వేడి ఈ బ్యాటరీలకు పరమశత్రువు. 25 డిగ్రీల పైన సుమారు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వాటి ఆయుష్షు సగమవుతుంది. అందంగా కనబడదన్న కారణంతో ప్యానెల్‌ను అటక మీదికి, రేకుల కిందికి ఎక్కించే ఇళ్లలో మూడు నుంచి ఐదేళ్లు రావలసిన బ్యాటరీ రెండేళ్లకే ముగుస్తుంది. పాత బ్యాటరీని తడి చెత్తలోనో పొడి చెత్తలోనో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దాన్ని ఇంటి చెత్త నుంచి వేరుగా అప్పగించాలి. కొత్తది కొన్న దుకాణంలో ఇచ్చి రావడం సులువైన మార్గం.

ప్యానెల్ నుంచి యజమానికి ఫోన్ వెళ్లడానికి లోపల ఒక సిమ్ ఉంటుంది. చవక ప్యానెళ్లలో అనేకం 2జి మాత్రమే పట్టుకోగలవు. 4జి సేవ మాత్రమే నడిపే సంస్థ సిమ్ వాటిలో ఎన్నటికీ పనిచేయదు. సిమ్ వేసేముందు దాన్ని మామూలు ఫోన్‌లో ఉంచి పిన్ లాక్ తీసివేయాలి. రీఛార్జి గడువు ముగిసే తేదీని వంటింటి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం ఏ యాప్‌కూ తీసిపోని పద్ధతి. వైఫైపై ఆధారపడిన సెట్లయితే రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ ఉండాలి. కరెంటు పోగానే రౌటర్ ఆరిపోతే ప్యానెల్‌కు ప్రాణమున్నా నోరుండదు.

ఇంటివారి అలవాట్లు

తప్పుడు కేకలకు యంత్రం కంటే మనుషులే ఎక్కువసార్లు కారణం. రాత్రి పడుకునే ముందు ఇంట్లో మనుషులుండగానే తలుపుల వరకు కాపలా పెట్టే అమరిక చాలా ప్యానెళ్లలో ఉంటుంది. తెల్లవారుజామున ఐదు గంటలకు అమ్మమ్మ లేచి వాకిట నీళ్లు చల్లడానికి గడియ తీస్తుంది. సైరన్ మోగుతుంది. భయంతో ఆమెకు గుండె దడ, పక్కింటివారికి నిద్రాభంగం. రెండవ రోజు నుంచి రాత్రి కాపలా ఆగిపోతుంది. ఇక్కడ తప్పు పెద్దావిడది కాదు. ఆమె దినచర్యను అడగకుండా యంత్రాన్ని అమర్చినవారిది. వీధి తలుపు జోన్‌కు 30 సెకన్ల వ్యవధి ఇచ్చి, కీప్యాడ్‌ను ఆమె కంటి ఎత్తున పెట్టి, తలుపు తీయక ముందే నాలుగు అంకెలు నొక్కడం ఆమె చేత పది రోజులు సాధన చేయించాలి. కీప్యాడ్‌పై ఇంగ్లీషు అక్షరాలు చదవలేనివారి కోసం 'ఆపు', 'కాపలా', 'రాత్రి' అని తెలుగులో చిన్న చీటీలు అతికించవచ్చు. కోడ్ మాత్రం ఎక్కడా రాయకూడదు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1234 వంటి కోడ్‌ను మొదటి రోజే మార్చాలి. అమర్చినవారు వాడే ఇన్‌స్టాలర్ కోడ్ కూడా అలాంటిదేనన్న సంగతి చాలామందికి తెలియదు; దాన్నీ మార్పించాలి. పనిమనిషికి, అద్దెకున్న బంధువుకు వేరువేరు కోడ్‌లు ఇచ్చి, వారు మానిన రోజున వాటిని తొలగించాలి.

క్రమం తప్పని పరీక్ష

నెలకొకసారి, పగటిపూట, పొరుగువారికి చెప్పి మొత్తం వ్యవస్థను పరీక్షించాలి. ప్యానెల్‌ను పరీక్ష స్థితిలో ఉంచి ఒక్కొక్క తలుపు తెరవాలి, ఒక్కొక్క గదిలో నడవాలి. తీగలు లేని పి.ఐ.ఆర్.ల విషయంలో ఒక విశేషం తెలియకపోతే మంచి సెన్సార్‌ను పాడైనదనుకునే ప్రమాదముంది. అవి లోపలి సెల్‌ను పొదుపు చేయడానికి ఒకసారి స్పందించాక రెండు మూడు నిమిషాలు నిద్రలోకి జారుకుంటాయి. గదిలోంచి బయటకు వచ్చి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ లోపలికి వెళ్లినప్పుడే అసలు పరీక్ష.

మూడు నెలలకొకసారి కరెంటును అరగంట ఆపి బ్యాటరీపైనే నడిపించి, కొద్ది క్షణాలు సైరన్ మోగించాలి. ఆ సమయంలో 12 వోల్టుల దిగువకు జారే బ్యాటరీని మార్చడానికి వాయిదా వేయవద్దు. ప్యానెల్ నుంచి ఫోన్ వస్తున్నదో లేదో అప్పుడే చూసుకోవాలి.

పి.ఐ.ఆర్. కటకాన్ని పొడి మెత్తని బట్టతో తుడిస్తే చాలు. రసాయనాలు వద్దు. ఇంటికి రంగులు వేసే వారు దానిపై కూడా ఒక పూత పూసి పోవడం అరుదైన సంగతి కాదు. పూసిన కటకం గుడ్డిదవుతుంది. అలాగే కొత్త బీరువా కొన్నప్పుడు అది సెన్సార్ చూపుకు అడ్డం పడిందేమో చూడాలి.

అకారణంగా మోగినప్పుడు

'నాన్నా పులి' కథలో పిల్లవాడు మూడవసారి నిజమే చెప్పాడు, ఎవరూ రాలేదు. అలారానికీ అదే గతి. అందుకే తప్పుడు కేకను చిన్న విషయంగా తీసుకుని సైరన్ తీగ పీకేయడం, మళ్లీ మోగితే చూద్దామని వదిలేయడం రెండూ పొరపాట్లే. ఒక్కసారి మోగినా కారణం తేలేదాకా వెతకాలి.

మొదట చేయవలసినది సైరన్ ఆపడం కాదు, ఏ జోన్ మోగించిందో చూడటం. ప్యానెల్ ఆ సమాచారాన్ని జ్ఞాపకంలో ఉంచుకుంటుంది; కొన్నింటిలో రెండవసారి కాపలా పెట్టగానే అది చెరిగిపోతుంది. జోన్ సంఖ్య, సమయం ఒక కాగితంపై రాసుకోవాలి. రెండు మూడు సంఘటనలు రాసుకుంటే కారణం తనంతట తానే బయటపడుతుంది.

ప్రతిరోజు ఉదయం ఏడు ప్రాంతంలో హాలు జోన్ మోగుతుంటే ఎండ నేలపై పడే చోటును చూడాలి. రాత్రివేళ, ఏ సమయమని చెప్పలేకుండా, పి.ఐ.ఆర్. జోన్ మోగుతుంటే అనుమానించవలసింది బల్లిని. ట్యూబులైటు దగ్గర పురుగులకు మాటువేసిన బల్లి కటకం మీదుగా పాకితే, సెన్సార్‌కు అది మనిషంత పెద్దదిగా కనిపిస్తుంది. సాలెపురుగు కటకం ముందు గూడు అల్లినా ఇంతే. తీగ లోపలికి పోయే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసి, ట్యూబులైటుకు దూరంగా సెన్సార్‌ను జరిపితే చిక్కు తీరుతుంది. చీమలు లోపలికి చేరి గూడు పెట్టడం బయటి సైరన్లలో తరచుగా కనిపించే సంగతి.

వానాకాలంలో మాత్రమే మోగే తలుపు జోన్‌కు కారణం చెక్కలో ఉంటుంది. తడికి ఉబ్బిన తలుపు పూర్తిగా మూతపడదు. అయస్కాంతానికీ స్విచ్‌కూ మధ్య ఖాళీ పెరుగుతుంది. గాలి కాస్త నెట్టగానే పట్టు తప్పుతుంది. తలుపు అంచును వడ్రంగి చేత చిత్రిక పట్టించడమే దీనికి సరైన మందు. సెన్సార్ మార్చినా ఫలితం ఉండదు. కరెంటు పోయి వచ్చిన క్షణంలోనే మోగుతుంటే బ్యాటరీ బలహీనపడిందని అర్థం. సైరన్ గొంతు బొంగురుపోయినా అదే. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానల తరువాత ప్యానెల్ మొత్తంగా మొద్దుబారితే పిడుగుపాటు వల్ల వచ్చిన వోల్టేజి పెరుగుదల కారణం కావచ్చు. బయటి సైరన్‌కు, గేటుకు వెళ్లే పొడవాటి తీగలకు సర్జ్ రక్షణ ఉన్నదేమో పనివారిని అడగాలి.

కాపలా పెట్టబోతే ప్యానెల్ ఒప్పుకోక ఫలానా జోన్ తెరిచి ఉందని చెబుతుంటే, ముందు ఆ తలుపును గట్టిగా నెట్టి చూడాలి. అప్పుడు సరిపోతే అయస్కాంతం దూరమైందని అర్థం. సరిపోకపోతే కరెంటు, బ్యాటరీ రెండూ విప్పి, ఆ జోన్ తీగలను ప్యానెల్ నుంచి విడదీసి మల్టీమీటర్‌తో నిరోధం కొలవాలి. తయారీదారు పుస్తకంలో చెప్పిన రెసిస్టర్ విలువ, ఉదాహరణకు 2.2 లేదా 4.7 కిలో ఓమ్‌లు, కనిపిస్తే తీగ, సెన్సార్ బాగున్నట్టే. లోపం ప్యానెల్‌లో ఉంది. అనంతం చూపితే తీగ ఎక్కడో తెగింది లేదా స్విచ్ విడిపోయింది. శూన్యానికి దగ్గరగా చూపితే రెండు పోగులు ఎక్కడో తాకుతున్నాయి. కొత్తగా మేకు కొట్టిన గోడ ఏదో గుర్తుచేసుకుంటే చోటు దొరుకుతుంది. మరమ్మతు అయ్యేవరకు ఆ ఒక్క జోన్‌ను పక్కన పెట్టి మిగిలిన ఇంటికి కాపలా కొనసాగించే వీలు చాలా ప్యానెళ్లలో ఉంది. మొత్తాన్ని ఆపడం కంటే అది మేలు.

కీప్యాడ్ అప్పుడప్పుడు 'కీ' మని కూస్తుంటే అది అలారం కాదు, ఫిర్యాదు. కరెంటు లేదనో, బ్యాటరీ అయిపోతున్నదనో, తీగలు లేని ఏదో సెన్సార్‌లో సెల్ మార్చాలనో అది చెబుతున్నది. మీట నొక్కి కూతను ఆపి మరిచిపోయిన ఇళ్లలోనే తరువాత మూగ అలారాలు కనిపిస్తాయి.

సైరన్ ఎంతసేపు మోగాలన్నదీ యజమాని నిర్ణయించవలసిందే. 110 డెసిబెల్ స్థాయిలో అరిచే పరికరం అది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు నిర్దేశించిన పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. ఐదు నిమిషాలకు తనంతట ఆగేలా అమర్చాలి. యజమాని ఊళ్లో లేనప్పుడు గంటలకొద్దీ మోగే సైరన్ పక్క ఇంటి పసిపాపకూ, పరీక్షకు చదివే విద్యార్థికీ శిక్ష. ఆ కోపంతో ఉన్న పొరుగువారు మరోసారి మోగినప్పుడు కిటికీ తెరవరు.

ఊరికి బయలుదేరే ముందు

ప్రయాణానికి వారం ముందే, బయలుదేరే గంటలో కాదు, పూర్తి పరీక్ష చేయాలి. లోపం బయటపడితే సరిచేయించడానికి వ్యవధి ఉంటుంది. పండుగ వారంలో పనివారు కూడా తమ ఊళ్లకు వెళతారన్నది మరవరాదు.

ప్యానెల్ ఫోన్ చేయవలసిన జాబితాలో మొదటి సంఖ్య ఊరికి వెళుతున్న యజమానిది కాకపోవడం మేలు. రైలు ధర్మవరం దాటిన తరువాత సిగ్నల్ అందని ఫోన్ వల్ల ప్రయోజనం లేదు. అదే వీధిలో ఉన్న ఒకరి సంఖ్య మొదట, యజమానిది తరువాత, మరో బంధువుది ఆపైన ఉండాలి. ఆ వీధిలోని వ్యక్తి తెలుగువారే కానక్కరలేదు. నిజానికి గోడ పక్కనున్న కన్నడ కుటుంబం పది కిలోమీటర్ల అవతలి మేనమామ కంటే ఈ విషయంలో దగ్గరి చుట్టం. వారిని ముందుగా కలిసి, అలారం మోగితే ఏమి చేయాలో చెప్పి, ఒంటరిగా ఇంటిలోకి వెళ్లవద్దని స్పష్టంగా కోరాలి. దీపాలు వేయడం, కేకలు వేయడం, 112కు ఫోన్ చేయడం వారికి చాలు.

తెలుగు తప్ప రాని పెద్దలు ఫోన్ చేయవలసి వచ్చినప్పుడు ఉపయోగపడే కన్నడ మాటలు ఇవి: 'పక్కద మనెయల్లి అలారం హొడెయుత్తిదె. మనెయవరు ఊరల్లి ఇల్ల. దయవిట్టు బేగ బన్ని.' పక్కింట్లో అలారం మోగుతున్నది, ఇంటివారు ఊళ్లో లేరు, దయచేసి త్వరగా రండి అని దీని భావం. దీని కిందనే ఇంటి సంఖ్య, అడ్డవీధి, దగ్గరి గుడి లేదా బస్‌స్టాప్ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అతికించాలి. కంగారులో సొంత చిరునామా కూడా నోటికి రాదు.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ తాళం వేసిన ఇళ్ల పర్యవేక్షణకు ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటు నడుపుతున్నది. ఊళ్లోని బంధువుల ద్వారా దాని గురించి విన్నవారు ఇక్కడి ఇంటికీ అది వర్తిస్తుందని అనుకోకూడదు. బెంగళూరు ఇంటి విషయం ఇక్కడి పోలీసు స్టేషన్‌లోనే తెలియజేయాలి. వెళ్లే తేదీ, తిరిగివచ్చే తేదీ, పొరుగువారి ఫోన్ సంఖ్య రాసి ఇస్తే సరిపోతుంది.

తిరిగి వచ్చినప్పుడు గేటు తాళం వదులుగా కనిపించినా, బయటి సైరన్ దీపం మెరుస్తున్నా లోపలికి అడుగు పెట్టవద్దు. లోపల ఇంకా ఎవరైనా ఉండవచ్చు. వీధిలోనే నిలబడి 112కు ఫోన్ చేయాలి. పోలీసులు వచ్చేవరకు బీరువా పిడిని, గడియను ముట్టరాదు. వారు లోపల చూడటం ముగించిన తరువాత కీప్యాడ్‌లోని సంఘటనల పట్టికను, మళ్లీ కాపలా పెట్టక ముందే, ఫోన్‌తో ఫొటో తీసి వారికి చూపాలి. ఏ తలుపు, ఏ నిమిషాన తెరుచుకున్నదో అందులో ఉంటుంది.